అద్దె చప్పట్లు

శనివారం పొద్దున తార్నాకలో తన పెయింట్ల షాపు షట్టరు ఎత్తుతూనే రాజలింగు ఆ రోజు పని తేల్చుకున్నాడు. సాయంత్రంలోగా జనాన్ని సంపాదించాలి. జనమంటే గిరాకీ కాదు. మర్నాడు యూనివర్సిటీ క్యాంపస్ గ్రౌండులో జరిగే రగ్బీ మ్యాచ్ చూడటానికి మనుషులు.

తార్నాక రైనోస్ అనే రగ్బీ క్లబ్బుకు ఆయన చాలా ఏళ్లుగా అభిమాని. ఎప్పుడో గోల్ స్తంభాలకు రంగు డబ్బాలు దింపడానికి వెళ్లి, నీడ బాగుందని కూర్చుని, ఆట చివరిదాకా ఉండిపోయాడు. ఆ రోజు రైనోస్ ఓడింది. పాపం, వచ్చే వారం గెలుస్తారేమో చూద్దామని మళ్లీ వెళ్లాడు. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు. అమ్ముడుపోదని తెలిసినా అరలోంచి తీసేయడానికి చేతులు రాని సరుకు ప్రతి షాపులోనూ ఒకటుంటుంది. రాజలింగుకు రైనోస్ అలాంటి సరుకు.

ఆట నియమాలు ఆయనకు ఈనాటికీ తెలియవు. ముందుకు పోవాలనుకునేవాడు బంతిని వెనక్కే విసరాలన్న ఒక్క నియమం మాత్రం పట్టుబడింది. ఇదేదో ఉద్దెర వ్యాపారం లాంటిదని సరిపెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ సరుకు మీదికే ముప్పు వచ్చింది. ఆదివారం పొద్దుటిపూట గ్రౌండు తమకు కావాలని వాకర్ల సంఘం అడుగుతోంది. గ్రౌండ్ల బాధ్యత చూసే భూమిక మేడం క్లబ్బు కోచ్ ఇమ్మానుయేల్‌ను పిలిచి, ఒక్క అంకుల్ తప్ప ఎవరూ చూడని ఆటకు అంత స్థలం ఎందుకని అడిగింది. ఆదివారం తానే వచ్చి చూస్తానంది. గ్రౌండు పోతే రైనోస్‌కు కాలు పెట్టే చోటు ఇంకెక్కడా లేదు. క్లబ్బు మూతపడినట్టే.

సంగతి విన్న రాజలింగు భార్య ఉప్పలమ్మ టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఓడిపోయేవాళ్లను చూడటానికి ఎవరొస్తారంది.

"షాపు తెరిచిననాడు మీ అన్నలందరు గిరాకీ లెక్క నిలవడలేదా? గట్లనే," అన్నాడు రాజలింగు.

"మా అన్నలు నిజంగనే కొన్నరు. గా డబ్బాలు ఇంకా మా అమ్మగారింట్లనే ఉన్నయి."

ఆయన ఆ మాట విననట్టే బండి తీసి వారాసిగూడ వెళ్లాడు. అక్కడ బుచ్చవ్వ ఉంటుంది. ఏ పార్టీ సభ అయినా సరే, డీసీఎం వ్యాన్ల నిండా ఆడవాళ్లను తీసుకెళ్లి నింపడం ఆమె పని. ఏ పార్టీ మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు, పగ లేదు. అంత నిజాయితీగల వ్యాపారిని రాజలింగు తార్నాకలో కూడా చూడలేదు. టిఫిన్ ఉంటుందా, నీడ ఉంటుందా అని అడిగి, రెండింటికీ అవుననిపించుకున్నాక ఆమె అసలు మాటకొచ్చింది.

"పెద్దమనిషి చెయ్యెత్తంగనే చప్పట్లు కొట్టి జిందాబాద్ అంటం. మా ఆడోళ్లకు వేరే చెప్పేదుండదు. గీడ గూడ గంతేనా?"

వేరే చెబుదామంటే రాజలింగుకు తెలిసి ఏడిస్తే కదా. "గంతే అక్కా," అన్నాడు.

ఆదివారం ఆట మొదలుకాకముందే వ్యాన్ దిగింది. ఆడవాళ్లు అలవాటైన ఒడుపుతో వరసలుగా కూర్చుని, మధ్యలో కెమెరాలవాళ్లకు దారి కూడా వదిలారు. రైనోస్ కుర్రాళ్లు నోరు తెరిచి చూశారు. ఒకడు లోపలికి పోయి తల దువ్వుకొచ్చాడు. ఇన్నేళ్ల తన కష్టానికి ఇప్పటికి ఫలితం దక్కిందని ఇమ్మానుయేల్ కళ్లు తుడుచుకున్నాడు. రాజలింగు ఆయన సంతోషాన్ని కదపలేదు.

రగ్బీలో ఒక జట్టు తప్పు చేస్తే రిఫరీ ఈల వేసి, రెండో జట్టు వైపు చెయ్యెత్తుతాడు. ఆట మొదలైన కాసేపటికే రైనోస్ తప్పు చేసింది. నల్ల చొక్కా రిఫరీ ఎదుటి నల్లకుంట జట్టు వైపు చెయ్యెత్తాడు. బుచ్చవ్వ బృందం చూసింది. స్టేజీ లేదు, మైకు లేదు. కానీ అందరిలోకీ వేరే రంగు చొక్కా వేసుకున్నవాడు ఒక్కడే, వాడు ఈల వేస్తే అందరూ ఆగుతున్నారు, పైగా చెయ్యెత్తాడు. ఇంకేం కావాలి. గ్రౌండంతా జిందాబాద్‌తో మారుమోగింది.

రిఫరీ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఆయనకు చప్పట్లు కొట్టినవాళ్లు అంతవరకూ పుట్టలేదు. తప్పులు చేయడంలో రైనోస్‌కు ఎన్నడూ కొరత లేదు గనక ఆయన మళ్లీ ఎత్తాడు, మళ్లీ చప్పట్లు. ఆ తర్వాత నుంచి ఆయన చెయ్యి కాస్త ఎత్తుగా లేచి, కాస్త ఆలస్యంగా దిగడం మొదలుపెట్టింది. ఇటు నల్లకుంటవాళ్లు ఈ జనమంతా తమకోసమే వచ్చారనుకున్నారు. ఊరికే స్తంభాల మధ్యకు తన్ని పాయింట్లు తెచ్చుకోవలసిన చోట, ఆడవాళ్ల ముందు పరుగులు పెట్టి చూపిద్దామని బంతిని మాటిమాటికీ జారవిడుస్తున్నారు.

ఇమ్మానుయేల్ గీత దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మన గ్రౌండ్‌ల వాళ్లకేంది గింత ఫాలోయింగు?"

రాజలింగు వంగి బుచ్చవ్వ చెవిలో చెప్పాడు, చారల బనీన్లవాళ్లు మనవాళ్లు, వాళ్లకు కొట్టాలని.

"లీడర్‌ను ఇడిసిపెట్టి కార్యకర్తలకు కొట్టాల్నా? రేపు మాకెవడన్న పని చెప్తడా?"

"ఆయన లీడర్ కాదక్కా. ఎవల మనిషి గాదు."

"ఎవల మనిషి గాకుంటనే అందరు ఆయన మాటింటున్నరా?" బుచ్చవ్వ రిఫరీని కొత్త గౌరవంతో చూసింది. "అయితే చాన పెద్ద లీడరన్నట్టు."

దీనికి జవాబు వెతుక్కునేలోపే రైనోస్ కుర్రాడొకడు బంతితో సహా కింద పడ్డాడు. వాడి మీద రెండు జట్లూ పడ్డాయి. రగ్బీలో అది రోజూ ఉండేదే. కానీ బుచ్చవ్వ లెక్కలో అది తోపులాట. సభలో తోపులాట మొదలైతే చెప్పులు చేత పట్టుకుని వ్యాన్ ఎక్కడమొక్కటే ఆమె నేర్పిన నియమం. "లేవుండ్రి," అంది, గొంతు పెంచకుండా. వరసలన్నీ ఒక్కసారిగా లేచి పరుగందుకున్నాయి.

సరిగ్గా అప్పుడే భూమిక మేడం స్కూటీ గేటు దాటి లోపలికి వచ్చింది. రైనోస్ ఆటను చూడలేక జనం పారిపోతున్న దృశ్యం ఆమె కళ్లారా చూసింది.

రాజలింగు పరుగెత్తి వ్యాన్‌కు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. నినాదాలు విని వచ్చిన సెక్యూరిటీ గార్డుకు వ్యాను, గుంపు, అడ్డం నిలిచిన మనిషి ఒక్కచోట కనబడ్డారు. అనుమతి లేకుండా సభ పెట్టారని ఆయన తీర్మానించాడు. లీడర్ ఎవరని గద్దించాడు. ఆడవాళ్లందరూ ఏకగ్రీవంగా రిఫరీని చూపించారు.

తాను బ్యాంకులో పనిచేస్తానని రిఫరీ మొత్తుకున్నాడు. మిగతా రోజుల్లో లీడర్లందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటారని గార్డు ఆయన్ను ఆఫీసుకు నడిపించుకుపోయాడు. బుచ్చవ్వ వ్యాన్ లోంచి చూసి మెచ్చుకుంది.

"మంచి లీడరే. అరెస్టు గూడ అయిండు."

రిఫరీ లేనిదే ఆట లేదు. అప్పటికి ఎవరికీ పాయింట్లు రాలేదు. రైనోస్ కుర్రాళ్లకు ఏం జరిగిందో తోచలేదు. అలవాటు కొద్దీ ఒకడు వెళ్లి నల్లకుంటవాళ్లకు అభినందనలు చెప్పి వచ్చాడు. "మనం ఓడలే," అన్నాడు ఇమ్మానుయేల్, నమ్మకం లేని గొంతుతో. తర్వాత ఏం చేయాలో వాళ్లెవరికీ తెలియదు.

భూమిక మేడం రాజలింగును పక్కకు పిలిచింది. బేరం చెడిపోయాక సరుకు గొప్పలు చెప్పి లాభం లేదని ఆయనకు తెలుసు.

"వాళ్లను నేనే తీస్కొచ్చిన మేడం. క్లబ్బుకు ఉన్నది నేనొక్కణ్ణే. నాకు గూడ ఆట తెల్వది."

"మరి ఎందుకొస్తారు?"

ఆయనకు ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. కుర్రాళ్ల వైపు చూశాడు.

"నేను గూడ రాకుంటె వాళ్లు ఎవల ముందట ఓడాలె మేడం?"

మేడం అసలు సంగతి చెప్పింది. స్థలం చూసుకుందామని వాకర్ల సంఘం పెద్దలు కూడా పొద్దున్నే వచ్చారట. నినాదాలు విని, వ్యాను, సెక్యూరిటీ చూసి, ఇలాంటి గ్రౌండు తమకొద్దని ఆమెకు ఇప్పుడే ఫోన్ చేశారట. ఇంకెవరూ అడగడం లేదు గనక ఆదివారాలు రైనోస్‌వే.

"కానీ ఒక కండిషన్. ఈ గొడవ మళ్లీ నాకొద్దు. ఇక నుంచి చూసేవాళ్లు ఒక్కరు కూడా ఉండకూడదు. ప్లేయర్స్ మాత్రమే లోపలికి."

మరి నేనో అని అడగబోయి రాజలింగు నోరు మూసుకున్నాడు. బేరం కుదిరాక మాట్లాడేవాడు వ్యాపారి కాడు.

మర్నాడు షాపులో గుమ్మం వైపు చూస్తూ ఉత్తినే కూర్చున్నాడు. ఆయన మొహం చూసి ఉప్పలమ్మ కూడా ఎగతాళి చేయలేదు. సాయంత్రం ఇమ్మానుయేల్ చారల బనీను ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"ఏస్కో అన్నా. ఇగ నువ్వు మా ప్లేయర్‌వి."

"నాకు ఆట తెల్వదు కదరా."

"మా దాంట్ల ఎవలకు తెల్సన్నా?"

వచ్చిన ఆదివారం రాజలింగు పొట్ట మీద బిగుసుకుపోయిన బనీనుతో అదనపు ఆటగాళ్ల బెంచీ మీద కూర్చుని, కుర్రాళ్లలో ఎవరికీ దెబ్బ తగలకూడదని, తనను లోపలికి పిలవకూడదని అందరు దేవుళ్లకూ మొక్కాడు. దెబ్బలేమీ తగలలేదు. రైనోస్ మాత్రం మళ్లీ ఓడింది. చూసినవాడు ఒక్కడూ లేడు గానీ, ఓడినవాళ్లలో ఒకడు పెరిగాడు.