రెండు ఫొటోల్లోనూ మా మామగారే

మీరు నవ్వనంటేనే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, కడుపులో దాచుకునే గుణం నాకు లేదు.

ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లమంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. నెలకోసారి తలా ఒక ఫొటో మాస్టారికి పంపాలి. మాస్టారంటే ఒకప్పుడు బళ్లో డ్రాయింగు చెప్పిన పెద్దమనిషి. ఆయన, తీసినవాళ్ల పేర్లు బయటపెట్టకుండా ఫొటోలన్నీ గ్రూపులో పెడతారు. వాటి కింద మేం మాత్రం మా పేర్లతోనే అభిప్రాయాలు రాయాలి. ఎక్కువమంది మెచ్చినదానికి మొదటి స్థానం. మొహమాటం అడ్డు రాకూడదని ఈ ఏర్పాటు.

నాకు మాత్రం మొహమాటమే నయమనిపించేది. పోయిన నెల నా సూర్యోదయానికి మా సంఘంలోని పళ్ల డాక్టరు, "చిగుళ్ల వాపు చక్కగా వచ్చింది" అని రాశాడు.

అది చదివి మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏమండీ, ఆ కెమెరా నాకిచ్చెయ్యకూడదూ?"

"నీకెందుకు? అదేమన్నా గరిటా, తిప్పెయ్యడానికి?"

"మీ చేతిలో మాత్రం ఏం తిరుగుతోంది? మొన్న మా చెల్లెలి ఫొటో తీస్తే చెవి ఒక్కటే పడింది."

"అది కళ!"

"సరే. ఈ నెల మీ కళకి మొదటి స్థానం వస్తే కెమెరా జోలికి రాను. రాకపోతే అది నాది."

"పందెం!" అన్నాను. ముందు అనేసి తర్వాత గుండె పట్టుకోవడం నాకలవాటు. ఆ కెమెరా లేకపోతే ఆదివారాలు నేనేం చెయ్యాలి? సామాన్లు సర్దాలి.

అప్పుడు తట్టింది ఉపాయం. ఫొటోల మీద పేర్లుండవు కదా! నా ఫొటోని నేనే ఆకాశానికెత్తితే అడిగేవాడెవడు? అందరూ దానివెంటే వస్తారు.

ఇక ఫొటో కావాలి. మామగారు మా ఇంటికొచ్చి ఉన్నారు. ఆయన్ని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరాని స్టాండు మీద బిగించాను.

"కదలకండి మామగారూ."

"అల్లుడుగారూ, ఊపిరి పీల్చుకోవచ్చా?"

"కొంచెం కొంచెంగా."

ఎండ ఎక్కువైంది. కిటికీకి కడదామని తెల్ల దుప్పటి కోసం లోపలికి పరిగెత్తాను. తీరా చూస్తే అది బకెట్లో నానుతోంది. పిండి, మోసుకొచ్చి, కట్టి, మళ్లీ మొదలుపెట్టాను. ఆఫీసు టైమయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాను.

"నేను తీసినవాటిలో చివరిది పంపించెయ్. నా చెయ్యి కుదిరేది చివర్లోనే" అని మా ఆవిడతో చెప్పి బస్సెక్కాను.

సాయంత్రం గ్రూపు తెరిస్తే తల తిరిగిపోయింది. మామగారు రెండుచోట్ల ఉన్నారు!

ఒకదాంట్లో ఆయన నవ్వుతున్నారు. మొహంలో సగం వెలుగు, సగం నీడ, కళ్లు మెరుస్తున్నాయి. రెండోదాంట్లో నోరు తెరిచి నిద్రపోతున్నారు. తల సగం ఫొటోలో లేదు. ఉన్న సగానికి దుప్పటి అడ్డం.

కిటికీ నాది, కుర్చీ నాది, మామగారూ నా మామగారే. మరి రెండో ఫొటో ఎవడిది? పళ్ల డాక్టరుగానీ గోడ దూకాడా? పోనీ మొదటిది నాదేనా అంటే, నా ఎదుట మామగారు నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏమోయ్, మీ నాన్న ఇద్దరయ్యారేమిటి?"

"పేర్లు చెప్పకూడదని మీ సంఘం నియమం కదండీ" అంది, తల కూడా ఎత్తకుండా.

మామగారిని నిలదీశాను. "నాకేం తెలుసు అల్లుడుగారూ? కదలొద్దన్నారు, కదల్లేదు. ఊపిరి కూడా మీరు చెప్పినట్టే పీల్చాను" అన్నారు పాపం.

ఎటూ తేలలేదు. చివరికి మనసు గట్టి చేసుకున్నాను. ఇంత గొప్ప ఫొటో నాది కాకపోతే ఇంకెవరిది?

నవ్వే ఫొటో కింద రాశాను: "ఈ చెయ్యి పుట్టుకతోనే కళాకారుడి చెయ్యి. కెమెరా ఈ చేతిలోనే ఉండాలి, మరొకరు ముట్టుకుంటే పాపం." నిద్రపోయే ఫొటో కింద రాశాను: "దీన్ని తీసినవారు కెమెరా ఎవరికైనా ఇచ్చేసి పుణ్యం కట్టుకోవాలి."

ఆదివారం మాస్టారింట్లో సమావేశం. మా ఆవిడ కూడా వస్తానంది. ఓటమి కళ్లారా చూసుకుంటుందిలే అని తీసుకెళ్లాను.

"ఈ నెల మొదటి స్థానం నవ్వుతున్న పెద్దాయన ఫొటోకి!" అన్నారు మాస్టారు. నేను చొక్కా సర్దుకుని లేచాను. మా ఆవిడా లేచింది.

"నువ్వు కూర్చో, పిలిచింది నన్ను" అన్నాను మెల్లగా.

"కాదు బాబూ, అమ్మాయినే. ఈ నెలే చేరింది" అన్నారు మాస్టారు.

నేను మా ఆవిడ వైపు తిరిగాను. "నువ్వా? ఎప్పుడు?"

"మీరు దుప్పటి పిండుతున్నప్పుడు. 'అమ్మాయ్, ఇప్పుడు ఊపిరి వదలొచ్చేమో కనుక్కో' అన్నారు నాన్న. నాకు నవ్వాగలేదు, ఆయనకీ ఆగలేదు. నొక్కేశాను."

"మరి నాది?"

"చివరిది పంపమన్నారుగా. చివరిదే పంపాను."

పళ్ల డాక్టరు లేచి నా అభిప్రాయాలు రెండూ పైకి చదివాడు. రెండోది రెండుసార్లు చదివాడు. నేను తలుపు ఎటుందా అని చూస్తున్నాను.

ఇంటిదారిలో కెమెరా ఆవిడ మెళ్లో ఉంది. నేను స్టాండు మోస్తున్నాను.

"కోపమొచ్చిందా?" అంది.

"పందెం పందెమే. తీసుకో."

"కెమెరా సంగతి కాదండీ. పెళ్లయ్యాక మీరు నన్నింత పొగడ్డం ఇదే మొదలు. నేను తీశానని తెలిస్తే అలా రాసేవారా?"

నాకు నిజంగా సిగ్గేసింది. ఆ ఫొటో అంత బాగుంది మరి.

"ఎందుకు రాయనూ, తప్పకుండా రాసేవాణ్ని" అన్నాను.

మా ఆవిడ ఆగి, నా మొహంలోకి చూసి, కెమెరా ఎత్తింది.

"అబద్ధం ఎంత చక్కగా కనబడుతోందో! అలాగే ఉండండి."