టీకొట్టు రీడింగు

నన్ను చూసి నవ్వడానికి మీరేం కొత్తగా శ్రమపడక్కర్లేదు. మా అపార్ట్‌మెంటులో ఇరవై నాలుగు ఫ్లాట్ల వాళ్ళూ ఆ పని ఎప్పుడో కానిచ్చేశారు. మిగిలింది వాచ్‌మన్ ఒక్కడే. పాపం మొహమాటస్తుడు, నేను లిఫ్టెక్కేదాకా ఆగి నవ్వుతాడు. ఎవరెవరి నోటనో వినేబదులు నా నోటే వినండి.

నా పేరు నరసింహమూర్తి. సొంతూరు కాకినాడ పక్కన. ముప్ఫై నాలుగేళ్ళు ఓ సర్కారు ఆఫీసులో బావుల్లో నీటిమట్టం కొలిచే ఉద్యోగం వెలగబెట్టి రిటైరయ్యాను. టేపు పట్టుకుని ఊరూరా తిరగాలి, బావిలోకి దించాలి, వచ్చిన అంకె రాసుకోవాలి. మొదటి ఏడాది అలాగే చేశాను. రెండో ఏడాది మా సీనియరొకాయన అసలు విద్య నేర్పాడు. బస్టాండు ఎదురుగా టీకొట్టులో కూర్చోవాలి. ఆ ఊరి రైతెవడైనా కనబడితే పిలిచి టీ ఇప్పించాలి. "నీళ్ళెంతలో ఉన్నాయి?" అనడగాలి. "మూరెడు దిగినయి సారూ" అంటే, పోయిన నెల అంకెకి మూరెడు సవరణ చేసి రాసుకోవాలి. దీన్ని మా ఆఫీసులో టీకొట్టు రీడింగు అనేవాళ్ళం.

పెళ్ళయిన కొత్తలో ఈ ఘనకార్యాన్ని మా ఆవిడ నీరజకి గొప్పగా చెప్పుకున్నాను. మగవాడు పెళ్ళయిన కొత్తలో నోరు మూసుకుని కూర్చుంటే ముసలితనంలో కాస్త సుఖపడతాడు.

మేముండేది ప్రశాంతి హైట్స్. నాచారం వాళ్ళనడిగితే ఉప్పల్ కిందికొస్తుందంటారు, ఉప్పల్ వాళ్ళనడిగితే నాచారమంటారు. నీళ్ళ ట్యాంకరు వాడు మాత్రం రెండిట్లోనూ లేదంటాడు. అక్కడ ఈ ఏడాది మొదట్లో నాకు షుగరు రెండొందల ఎనభై తేలింది. "రోజూ ఐదు కిలోమీటర్లు నడవండి. మూడు నెలల్లో దిగకపోతే ఇన్సులిన్ సూదే" అన్నాడు డాక్టరు. సూది మాట వినగానే కుర్చీలోంచి సగం లేచాను నేను. చిన్నప్పుడు బడికి టీకాల వాళ్ళొస్తే గోడ దూకి పారిపోయిన వంశం మాది.

నడక మొదలైంది. ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టించింది నీరజ. మూడు రోజులు నడిచాను. నాలుగో రోజు మల్లాపూర్ దారిలో చాయ్ హోటల్ దగ్గర మోకాలు ఆగింది, దాన్ని గౌరవించి నేనూ ఆగాను. లోపల మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు.

అక్కడ దొరికాడు పోశయ్య. టీవీఎస్ బండి మీద గంపలు కట్టుకుని ఉప్పల్ నుంచి నాచారం దాకా ఇంటింటికీ ఆకుకూరలు అమ్ముతాడు. మాకూ వాడే వేస్తాడు. వాడికి టీ ఇప్పించి, నా ఫోను తోటకూర కట్టల మధ్య పెట్టి పంపించాను. గంటలో ఫోనూ నేనూ ఇంటికి చేరాం.

నీరజ ఫోను చూసి కళ్ళజోడు సరిచేసుకుంది. "ముప్ఫై ఒక్క వేల అడుగులా?"

"ఊపులో తెలియలేదు."

"నాచారంలో నడిచారా, భువనగిరి వెళ్ళొచ్చారా?"

మన రోడ్ల మీద టీవీఎస్ బండి గంట తిరిగితే ఫోను ఎన్ని గంతులేస్తుందో నేను ఆలోచించలేదు. పైగా కవరుకి తోటకూర ఆకొకటి అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని తీసి, చూసి, పప్పులో వేసింది.

మర్నాటి నుంచి కొత్త చట్టం వచ్చింది. "యాప్ వద్దు. రోజూ నడిచొచ్చి, దారిలో చూసిన వింతలు మూడు చెప్పండి. నడిచినవాడికి ఏదో ఒకటి కనబడుతుంది. కూర్చున్నవాడికి టీ గ్లాసే కనబడుతుంది" అంది.

నాకు నవ్వొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారునే నమ్మించినవాణ్ణి, ఈవిడొక లెక్కా?

పోశయ్య మంచి రైతు, అంటే మంచి రీడింగు ఇచ్చేవాడు. "సారు, నాగోల్ తొవ్వల ఒక ఖాళీ ప్లాటు ఉన్నది. గోడలు లెవ్వు, ఉత్త గేటే ఉన్నది. ఓనరు పొద్దుగాల వస్తడు, తాళం దీస్తడు, గేట్లకెల్లి లోపలికి వోతడు. పక్కపొంటి కుక్కలు, మేకలు అన్నీ పోతుంటయి. ఆయన మాత్రం పోయేటప్పుడు మల్ల తాళమేస్తడు." ఇంకో రోజు, వినాయకుడి బొమ్మలు చేసే షెడ్డులో నిరుటి పెద్ద విగ్రహం మిగిలిపోతే దాని నాలుగు చేతులకీ తాడు కట్టి బట్టలారేసుకుంటున్నారని. ఇంకో రోజు, మెట్రో పిల్లరుకి అద్దం తగిలించి గడ్డాలు గీసే మంగలి ఆ పిల్లరు నంబరునే విజిటింగు కార్డు మీద అచ్చేయించుకున్నాడని.

ఒక టీ, రెండు బజ్జీలు, మూడు వింతలు. ఆఫీసు అలవాటు కొద్దీ నోటుబుక్కులో గళ్ళు గీసి తేదీ, స్థలం, పరిశీలన, వ్యాఖ్య అని రాసుకునేవాణ్ణి. ఇంటికెళ్ళి నీరజకి చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ వింటూ ఏదో పని చేసుకుంటూ ఉండేది. ఏం పనో నాకు గుర్తులేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కీర్తి కండూతి అనేదొకటి ఏడిసిందిగా. "నేటి వింత" పేరుతో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలెట్టాను. మూడో అంతస్తు హరిణి, సాఫ్ట్‌వేర్ అమ్మాయి, "అంకుల్, మీ అబ్జర్వేషన్ సూపర్" అని రాసింది. అసోసియేషన్ ప్రెసిడెంటు నరేందర్, లిఫ్టు ఆగినా నల్లా ఆగినా మీటింగు పెట్టే మనిషి, నన్ను 'మన ఏరియా కన్ను' అన్నాడు. రెండు నెలలు ఆ కన్ను చాయ్ హోటల్ మూలబల్ల దగ్గరే ఉంది.

ఒక గురువారం పోశయ్య ఎందుకో నా మొహం చూడకుండా గంపలో మెంతికట్టలు సర్దుతూ చెప్పాడు.

"ఉప్పల్ రింగు కాడ పైన నడిసే బ్రిడ్జి లేదా సారు, స్కైవాక్. గాడికి రోజు పొద్దుగాల ఒక పెద్దమ్మ వస్తది. లిఫ్టుల ఎక్కుతది, గుండ్రంగ పదకొండు సుట్లు తిరుగుతది, దిగిపోతది. ఏ బస్సూ ఎక్కది, మెట్రో ఎక్కది. తనలో తనే మాట్లాడుకుంటది, వేలు సూపిచ్చుకుంట కొట్లాడుతది, ఆఖరుకు నవ్వుతది. ఎడమ కాలు జర గుంజుకుంట నడుస్తది. కళ్ళద్దాలకు ఒక పక్క నల్లదారం. చేతిల సంచి, సంచి మీద నీళ్ళ సుక్క బొమ్మ."

"అబ్బ! ఇంకా?"

"ఇంకేం లేదు సారు. గంతే." బండి ఎక్కబోయి ఆగాడు. "సారు, గిది రాయకుంటే అయితదా?"

ఎందుకు రాయను? ఇంటికొచ్చేలోపు పేరు కూడా పెట్టాను: స్కైవాక్ సుందరి. చివర సొంత వ్యాఖ్య తగిలించాను, "ఈవిణ్ణి ఇంట్లో భరిస్తున్న ఆ మహానుభావుడెవరో, ఆయనకో దండ వేయాలి" అని. ముప్ఫై ఒక్కమంది నవ్వే బొమ్మలు పెట్టారు. నీరజకి కాలు ఈడ్చి, వేలు ఆడించి మరీ వినిపించాను.

"మీరు చూశారా?" అంది.

"ఈ రెండు కళ్ళతో."

"ఏ కాలు?"

"ఎడమ కాలు. అలాంటివి నా చూపు దాటిపోవు."

"కళ్ళజోడుకి దారం ఏ రంగు?"

"నలుపు."

"సంచి మీద నీటిచుక్క అన్నారు. అలాంటి సంచి ఎక్కడైనా చూసినట్టు అనిపించలేదా?"

"ఊళ్ళో సంచులన్నీ నేను గుర్తుపెట్టుకుంటానా? నీదంతా చోద్యం."

"సరే. రాసుకోండి" అని లోపలికెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నరేందర్ తలుపు కొట్టాడు. "సార్, గీ ఆదివారం అందరం మీ ఎంబడి వస్తం. గా గేటు, గా బొమ్మ, గా సుందరి, అన్ని సూపెట్టాలె. వింతల వాక్ అని గ్రూపుల ఏసేసిన. పద్నాలుగు మంది పేర్లిచ్చిన్రు."

స్కైవాక్ తప్ప నేను రాసిన వింతల్లో ఒక్కటి కూడా ఎక్కడుందో నాకు తెలియదు.

పోశయ్య కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. పథకం ఇది. వాడు ముందు బండి మీద వెళ్తుంటాడు. కుడివైపు తిరగాలంటే "పుదీనా" అని అరుస్తాడు. ఎడమవైపైతే "కొత్తిమీర". వచ్చేసిందంటే "గోంగూర". నేను దారి తెలిసినవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నడవాలి.

"అమ్మగారు రారా?" అన్నాడు.

"ఆవిడకి ఏదో పనుందట."

వాడు గట్టిగా నిట్టూర్చాడు.

ఆదివారం ఆరింటికి దండయాత్ర బయల్దేరింది. రెండు మలుపులు బ్రహ్మాండంగా తిరిగాం. మూడో మలుపులో మేడ మీంచి ఒకావిడ "ఏమున్నయి?" అని కేకేసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, వాడు ఒక్క గుక్కలో "పుదీనా, కొత్తిమీర, గోంగూర, పాలకూరా" అన్నాడు. నేను కుడికి తిరిగి, ఎడమకి తిరిగి, ఆగిపోయాను. పాలకూరకి ఏం చేయాలో అనుకోలేదు.

"ఇదేనా సార్ గేటు?" అన్నాడు నరేందర్. ఎదురుగా ఉన్నది ఎవరిదో బాత్రూము తలుపు.

పోశయ్య ఆ మేడావిడ బేరంలో చిక్కుకుపోయాడు. తర్వాత గంటన్నరలో మేము ఒక మసాలా ఫ్యాక్టరీ వెనక గోడ, ఒక మురికి నాలా, మళ్ళీ అదే ఫ్యాక్టరీ ముందు గోడ చూశాం. పద్నాలుగు మందీ తుమ్ములు. ఒకాయన కాలు నాలాలో పడింది, చెప్పు దక్కలేదు. ఒక కుక్క మా వెంటే మూడు వీధులు వచ్చి, మా వాలకం చూసి అదీ విసుగెత్తి వెనక్కి పోయింది. హరిణి ఫోన్లో వీడియో తీస్తూనే ఉంది.

"అంకుల్, కనీసం స్కైవాక్ అయినా ఎక్కడుందో తెలుసా?"

అది గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. బతుకుజీవుడా అని అందర్నీ ఉప్పల్ రింగు వైపు తోలాను. పైకెక్కి లిఫ్టుకి ఎదురుగా వరసగా నిలబడ్డాం. సుందరి దొరికితే పరువు దక్కుతుంది. ఒక్క వింతైనా నిజమని తేలాలని మనసులో దండాలు పెట్టుకుంటున్నాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

ముందు సంచి కనిపించింది. నీటిచుక్క బొమ్మ. మా ఆఫీసు రజతోత్సవానికి స్టాఫుకిచ్చిన సంచి అది. నేనే ఇంటికి తెచ్చాను.

తర్వాత నల్లదారం కట్టిన కళ్ళజోడు. ఆ వెనక నీరజ.

నరేందరే ముందు తేరుకున్నాడు. "అక్కా! నువ్వేంది గీడ?"

"నేనే తమ్ముడూ. స్కైవాక్ సుందరిని. మొన్న ముప్ఫై ఒక్కమంది నవ్వారుగా. ఇవాళ నవ్వరేం?"

హరిణి ఫోను దించేసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగతావాళ్ళు రింగు రోడ్డులో బస్సుల నంబర్లు చదవడం మొదలెట్టారు.

నీరజ నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నాలుగో రోజే చూశాను మిమ్మల్ని హోటల్లో. రెండో బజ్జీ తింటున్నారు. పోట్లాడదామని గుమ్మం దాకా వచ్చి, ఎందుకులే అని తిరిగి నడక మొదలెట్టాను. రోజుకి కాస్త ఎక్కువ నడిచి నడిచి ఇక్కడ తేలాను. ఇక్కడ ఎవరూ ఈ పూట కూరేంటని అడగరు. బాగుంది."

"మరి... ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీతోనే. ఇక్కడైతే మీరు మధ్యలో లేచి టీవీ పెట్టరు. రోజూ మీతో పోట్లాడి గెలిచి ఇంటికొస్తాను."

మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన పోశయ్య మెట్ల దగ్గర తల గోక్కుంటూ నిలబడి ఉన్నాడు. "అమ్మనే జెప్పుమన్నది సారు. నేను వద్దన్న. రాయకుండ్రి అని మీకు గూడ జెప్పిన."

"అవును, నేనే చెప్పమన్నాను" అంది నీరజ. "కాలు చెప్పమన్నాను, దారం చెప్పమన్నాను, మీరిచ్చిన సంచి చెప్పమన్నాను. ఎక్కడో ఒకచోట ఆగి, ఇదేంటి మా నీరజలా ఉందే అంటారేమో చూద్దామనుకున్నాను. మీరు పేరు పెట్టారు. నన్ను భరించేవాడికి దండ వేయాలన్నారు."

ఆవిడ కాలి వైపు చూశాను. చివరికి, "ఆ కాలు ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఆరేళ్ళయింది. మన ఇంట్లోనే, స్నానాలగది దగ్గర పడ్డాను. మీరు హాల్లో ఉన్నారు. 'ఏం పగిలింది?' అని అడిగారు. ఏం లేదన్నాను. అదే రాసుకున్నారు."

ఆవిడ తన పదకొండు చుట్లు మొదలెట్టింది. మేము పదిహేను మందిమీ పక్కకి తప్పుకుని దారిచ్చాం.

మూడు నెలల పరీక్షలో నా షుగరు మూడొందల పది. సూది వచ్చేసింది. రోజూ పొద్దున్నే నీరజే గుచ్చుతుంది. నేను కళ్ళు మూసుకుని అటు తిరుగుతాను. ఆవిడ చూసి గుచ్చుతుంది.

ఇప్పుడు నిజంగానే నడుస్తున్నాను. పక్కన నడవనివ్వదు, ఆ గంట ఆవిడ సొంతమట. పది అడుగులు వెనకాల రావడానికి మాత్రం ఒప్పుకుంది. మొన్న అలాగే ఇద్దరం వెళ్ళొచ్చాక వంటింట్లోంచి అడిగింది, "ఇవాళ ఏం చూశారు?"

నేను ఉత్సాహంగా నోటుబుక్కు తెరిచాను. "గేటు దొరికింది! ఓనరు ఇవాళ గేటుకి మామిడాకులు కట్టాడు. పిల్లరు దగ్గర మంగలికి ఇంకో మంగలి గడ్డం గీస్తున్నాడు. రింగులో ఒకాయన హెల్మెట్‌లో టమాటాలు పోయించుకున్నాడు. అన్నీ నా కళ్ళతో చూసినవే, ఒట్టు!"

"నమ్మాను. నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?"

గంటంబావు ఆవిడ వెనకాలే నడిచాను. నోటుబుక్కు ముందుకీ వెనక్కీ తిప్పాను. వంటింటి వైపు మెడ సాచాను. తలుపు దగ్గరగా వేసి ఉంది.

ఆవిడ లోపల్నుంచే అంది.

"పోశయ్య వచ్చే వేళయింది. కనుక్కుని చెప్పండి."