రాక్షసి ఆస్తి కేసు

"ఈ ఊళ్ళో నేరాన్ని చూడగల కళ్ళు రెండే. ఆ రెండూ నా మొహానే ఉన్నాయి," అని ప్రకటించాడు డిటెక్టివ్ డేగ.

ఆ కళ్ళకి అప్పుడున్న జోడు మాత్రం ఎవరో కస్టమర్ది. డెలివరీకి సిద్ధం చేసి పెట్టినదాన్ని తనదనుకుని రెండు రోజులుగా పెట్టుకు తిరుగుతున్నాడు. దగ్గరివన్నీ గుమ్మడికాయల్లా, కాస్త దూరానివన్నీ పొగమంచులా కనబడుతుంటే తన చూపు పదునెక్కిందని మురిసిపోతున్నాడు.

కళ్ళజోళ్ళ షాపు బావది. డేగకి అక్క మొగుడు. డేగ పుణ్యమా అని వీధి మొత్తానికీ బావే. షాపు ముందుగదిని కంటి పరీక్షల కోసం కట్టుకున్నాడు. ఏడాదిగా అందులో 'నేరస్థులకు సింహస్వప్నం' అనే బోర్డూ, దాని కింద డేగా కాపురం ఉంటున్నారు. పరీక్షలు వంటింట్లోకి మారాయి. అక్షరాల అట్ట పొయ్యి పైన వేలాడుతుంది. వేపుడు పొగకి నిక్షేపంలాంటి చూపున్నవాళ్ళు కూడా మూడో వరస చదవలేకపోతున్నారు.

"ఇదే నీ ఆఖరి కేసు," అని అక్క ఆ ఉదయమే తేల్చేసింది. "ఇదీ తుస్సుమంటే బోర్డు పీకి అటకెక్కిస్తా. నువ్వు కౌంటర్లో కూర్చుంటావు."

ఆ మాట విన్నప్పటి నుంచి, కేసు తుస్సుమనాలని బావ మనసారా కోరుకుంటున్నాడు.

కేసంటే ఏటిగట్టున దొరికిన ఓ ఎముక. డేగ దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"బారెడుంది చూడు బావా. తొడ ఎముక. హతుడు తొమ్మిదడుగుల మనిషి."

బావ కంటికది జానెడే ఉంది. "తొమ్మిదడుగుల మనిషి మాయమైతే ఊళ్ళో ఎవరికీ తెలీలేదంటావా?"

"అదే హంతకుడి తెలివి."

డేగ ఎదురుషాపు దర్జీ దగ్గరికెళ్ళి, ఈ కాలికి ప్యాంటు ఎవరు కుట్టించుకున్నారో చెప్పమని నిలదీశాడు. దర్జీ టేపు పెట్టి కొలిచి, పసిపిల్లల బట్టలు తాము కుట్టమన్నాడు.

ఇక ఓపిక పట్టలేక బావే మ్యూజియంకి ఫోన్ కలిపాడు. అదేమిటో వాళ్ళు తేల్చేస్తే తన గది తనకొస్తుంది. చేతిలో అద్దాలు తుడుస్తున్నాడేమో, స్పీకర్ పెట్టాడు.

"ఏటి ఒడ్డునా?" అంది మ్యూజియం మేడం. "రాక్షసబల్లి అస్థి అయ్యుండొచ్చండి. మిగతా అస్థి కూడా అక్కడే ఉండొచ్చు. సాయంత్రం వస్తాను."

తలుపు వెనక డేగ అంతా విన్నాడు. అతని చెవులు కళ్ళకి ఏమీ తీసిపోవు.

"మోటివ్ దొరికింది," అన్నాడు లోపలికొచ్చి. "ఆస్తి గొడవ. మిగతా ఆస్తి ఏటి ఒడ్డున దాచారు. హంతకురాలి పేరు రాక్షసి."

"ఆస్తి కాదురా, అస్థి. ఎముక. రాక్షసబల్లి అంటే డైనోసార్."

"అయితే మారుపేరు కూడా ఉందన్నమాట."

సాయంత్రం అందరూ ఏటిగట్టుకి వెళ్ళారు. డేగ మాత్రం ముందే వెళ్ళి పొదలో నక్కాడు. మేడం ఎముకని అటూ ఇటూ తిప్పి చూసి, గుడ్డతో తుడిచి, నాలుక చాపి ఒక్కసారి నాకింది.

పొద పగిలినట్టయి డేగ బయటికొచ్చాడు. "చూశావా బావా, ఎముకలు నాకే రాక్షసి. సాక్ష్యాన్ని మింగేస్తోంది."

"ఇది పరీక్షండీ," అంది మేడం నిదానంగా. "ఎముక రాయిగా మారినా లోపల సన్న రంధ్రాలు మిగులుతాయి. నాలుక పెడితే అంటుకుంటుంది. ఇది అంటుకోలేదు. ఉట్టి రాయి, నీళ్ళకి ఇలా అరిగింది."

"ఉట్టి రాయేనా?" బావ గొంతులో ఆనందం దాగలేదు.

"రేపటి నుంచి కౌంటరు," అంది అక్క.

డేగ మొహం చిన్నబోయింది. చూసి బావకి జాలేసింది. పొయ్యి పైన అక్షరాల అట్ట గుర్తొచ్చి ఆ జాలి కాస్తా దిగిపోయింది.

"నేనొప్పుకోను. ఈ డేగ కంటి నుంచి..." అంటూ డేగ గట్టెక్కబోయాడు. ఆ జోడులోంచి కాలి కింద ఏముందో ఏం కనబడుతుంది? మాట మధ్యలో, తెరిచిన నోటితో బోర్లా పడ్డాడు. పడినవాడు లేవలేదు.

"లేరా, చాల్లే వేషాలు," అంది అక్క.

"ఆ ఆలుక," అన్నాడు డేగ. "ఆ ఆలుక అంతుకుంది."

మేడం సంచి పట్టుకుని పరుగెత్తింది. సీసాలోని నీళ్ళు పోసి ముందు నాలుకని విడిపించింది, తర్వాత బ్రష్షుతో మట్టి తోసింది. బుట్టంత ఎముక. దాని వెనక గట్టులోకి వరసగా వెన్నుపూసలు.

"ఏళ్ళ తరబడి దీనికోసమే ఈ ఏరంతా తిరిగాను," అంది మేడం. ఆమె కళ్ళు తడిశాయి. "మీరెలా కనిపెట్టారండీ?"

డేగ మట్టి ఉమ్మి, జోడు పైకి నెట్టుకున్నాడు. "హంతకుడు ఎంత పాతవాడైనా నా నోటి నుంచి తప్పించుకోలేడు."

"మ్యూజియంలో మరమ్మతులవుతున్నాయి," అంది మేడం. "అవి పూర్తయ్యేదాకా దీన్ని దాచడానికి దగ్గర్లో పొడిగా ఉండే గది దొరుకుతుందా?"

"మా ముందుగది ఉందిగా," అంది అక్క, తమ్ముణ్ణి చూసుకుని పొంగిపోతూ. "వీడు కాపలా ఉంటాడు."

ఇప్పుడు ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రాక్షసబల్లి పడుకుని ఉంది. దాని తలవైపు బోర్డు, బోర్డు కింద డేగ. వంటింట్లో పొగ మధ్య బావ తన చూపుడువేలిని గుర్రుగా చూసుకుంటున్నాడు.

"వేలికేమైందండీ?" అని అడిగాడు పరీక్షకొచ్చిన కస్టమర్.

"మ్యూజియంకి ఫోన్ కలిపింది ఇదేనండి," అన్నాడు బావ. "మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఉట్టి సామెతనుకున్నాను. మీరు మూడో వరస చదవండి."