ఏడో నంబర్ కుడికాలు

ఆ ఆదివారానికి రాగసుధ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే అమీర్‌పేటలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కు రిఫరీగా నిలబడాలి, అది కాగానే టిఫిన్ తినాలి, ఇంటికెళ్ళి మధ్యాహ్నం దాకా పడుకోవాలి. పంజాగుట్టలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే ఆమె, రిఫరీ పరీక్ష పాసై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆమెకు దక్కినవన్నీ చిన్నపిల్లల మ్యాచులే. గోల్ ఏ పక్క కొట్టాలో కూడా తెలియని పసివాళ్ళకు ఈల ఊదీ ఊదీ ఆమెకు విసుగెత్తిపోయింది. పెద్దల మ్యాచ్ ఎప్పుడడిగినా, లీగ్ నడిపే రాఘవేందర్ చూద్దాం మేడం అని నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండేది.

ఈసారి రావలసిన రిఫరీకి జ్వరం వచ్చి, వేరే దిక్కులేక రాఘవేందర్ ఆమెను పిలిచాడు. ఏ జట్టు దగ్గర్నుంచీ ఫిర్యాదు రాకుండా ఈ ఒక్కటీ నడిపిస్తే సీజనంతా ఆదివారం మ్యాచులు ఆమెకే ఇస్తానన్నాడు. వస్తే మాత్రం మళ్ళీ పిల్లల దగ్గరికే. చిక్కల్లా ఏమిటంటే, ఆడే రెండు జట్లలో ఒకటి ఆమె మొగుడు మహేశ్‌ది. ఆ సంగతి చెబితే, "ఇంకెవలు దొరుకుతలేరు మేడం, జర అడ్జస్ట్ చేస్కోండ్రి" అని ఫోన్ పెట్టేశాడు.

మహేశ్ అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూస్తాడు. అతని ఆట అంతంతమాత్రం. పరిగెత్తితే ఆయాసం, తంతే బంతి ఎటుపోతుందో అతనికే తెలియదు. కానీ పక్క గీత దాటి బయటికి పోయిన బంతిని చేతులతో లోపలికి విసరాల్సి వస్తే మాత్రం అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అతను విసిరిన బంతి ఎకాఎకి గోల్ ముందు పడుతుంది. ఆ ఒక్క విద్య కోసమే అతని మేనేజరూ, జట్టు కెప్టెనూ అయిన కృష్ణమోహన్ అతన్ని ఆడిస్తున్నాడు. ఇంట్లో హాల్లో ఆ విద్యను సాధన చేసి మహేశ్ ఇప్పటికి ఒక ట్యూబ్‌లైటునూ, తల్లి మంగవ్వ ముచ్చటపడి కొనుక్కున్న గోడగడియారాన్నీ పగలగొట్టాడు.

అయితే విసిరే ఊపులో అతని కుడికాలు పూర్తిగా గాల్లోకి లేస్తుంది. బంతి చేతులు వదిలేదాకా రెండు పాదాలూ ఎంతో కొంత నేలను తాకుతూనే ఉండాలి, లేకపోతే త్రో చెల్లదు, బంతి అవతలి జట్టుకు పోతుంది. ఈ మాట రాగసుధ ఇంట్లో నోరు నొప్పి పుట్టేలా చెప్పింది. ఇన్నాళ్ళూ ఏ రిఫరీ పట్టించుకోలేదు గనుక మహేశ్ కూడా పట్టించుకోలేదు. ఆ పొద్దున షూ లేసులు కట్టుకుంటూ, "ఇయ్యాల నా కాళ్ళ దిక్కు చూడకు. ఎవ్వలు చూడరు" అన్నాడు. రాగసుధ పళ్ళు నూరుకుని, ఈల మెడలో వేసుకుని బండెక్కింది. కొడుకు ఆట చూడాలని మంగవ్వ ఆటోలో వెనకే బయలుదేరింది.

అవతలి జట్టు పంజాగుట్టలో మొబైల్ షాపులు నడిపే కుర్రాళ్ళది. మ్యాచ్ డ్రా అయినా వాళ్ళు సెమీఫైనల్‌కు పోతారు. కోచింగ్ సెంటర్ జట్టు పోవాలంటే గెలిచి తీరాలి. అందుకని కృష్ణమోహన్ ఆరంభం నుంచీ బంతిని కావాలని బయటికి కొట్టించి, త్రో వచ్చినప్పుడల్లా మహేశ్‌ను పిలుస్తున్నాడు.

మొదటి త్రోకే కుడికాలు లేచింది. రాగసుధ ఈల ఊది, "ఏడో నంబర్, ఫౌల్ త్రో" అంది.

మహేశ్ అటూ ఇటూ చూశాడు. ఏడో నంబర్ తనే. "ఏడో నంబరేంది? నేను నీ మొగన్ని" అన్నాడు.

"గ్రౌండ్ల నాకు మొగుడు లేడు. బాల్ వాళ్ళకియ్యి" అందామె.

పంజాగుట్ట కుర్రాడొకడు పడీపడీ నవ్వుతూ వచ్చి ఒంటి చేత్తో బంతిని లోపలికి గిరవాటేశాడు. రెండు చేతులూ వాడాలి గనుక అదీ ఫౌలే. బంతి మళ్ళీ మహేశ్ చేతికొచ్చింది, కాలు మళ్ళీ లేచింది. ఈసారి పంజాగుట్ట వాళ్ళలో ఇంకొకడు తల మీదుగా కాకుండా ఛాతీ దగ్గర్నుంచి తోశాడు. అదే చోట, అదే బంతి, అటూ ఇటూ చేతులు మారుతోందే తప్ప ఆట మొదలవడం లేదు. పక్కనున్న హాస్టల్ బాల్కనీల్లో బ్రష్షులు నోట్లో పెట్టుకున్న కుర్రాళ్ళు ఈల పడ్డప్పుడల్లా కేకలు పెట్టసాగారు. కనపడ్డ ప్రతివాడూ వదిలెయ్యమని సలహా ఇచ్చేవాడే. నియమం తెలియక కాదు, పాటించడానికి ఒళ్ళు వంగక. ఇలాంటి బద్ధకస్తుల కోసమా తను పుస్తకాలు బట్టీపట్టి పరీక్ష రాసింది అనుకుంటే, రాగసుధకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మహేశ్ మరోసారి బంతి ఎత్తేసరికి ఎవరూ ఊహించనిది జరిగింది. కొంగు నడుముకు చుట్టుకుని మంగవ్వ గీత దగ్గరికి వచ్చి, కింద చతికిలబడి, కొడుకు కుడికాలి మడమను రెండు చేతులా నేలకేసి అదిమి పట్టుకుంది. "ఇసురు బిడ్డా. గీ కాలెట్ల లేస్తదో నేను సుత చూస్త" అంది.

మహేశ్ విసిరాడు. కాలు కదల్లేదు గానీ అతను బోర్లా పడ్డాడు, బంతి మంగవ్వ వీపు మీద పడింది. బాల్కనీలన్నీ గొల్లుమన్నాయి. రాగసుధ పరుగున వచ్చి, ఆటగాళ్ళు తప్ప ఎవరూ ఇక్కడికి రాకూడదని, గేటు దగ్గర కూర్చోమని అత్తగారికి చెప్పింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో కోడలు తనను పొమ్మనడం మంగవ్వకు అదే మొదలు. ఆమె గేటు దగ్గర కూర్చుని, కోడలి పుట్టింటి దగ్గర మొదలుపెట్టి అందరినీ వరసగా తిట్టడం ఆరంభించింది. హాస్టల్ కుర్రాళ్ళ ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

కృష్ణమోహన్‌కు ఓపిక నశించింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏంటండీ మేడం గారూ, ఇంట్లో గొడవలేవో ఇంట్లో తేల్చుకోవాలి గానీ, మా జట్టు మీద తీర్చుకుంటారా?" అన్నాడు.

ఆ మాటకు రాగసుధ కళ్ళు ఎర్రబడ్డాయి. మగ రిఫరీ ఈల ఊదితే నియమం, తను ఊదితే మొగుడూ పెళ్ళాల గొడవ. జేబులోంచి పసుపు కార్డు తీసి అతని మొహం ముందు పెట్టింది. కృష్ణమోహన్ వెనక్కి తగ్గాడు గానీ, మ్యాచ్ కాగానే రాఘవేందర్‌కు ఫిర్యాదు చేస్తానని వినపడేలాగే గొణిగాడు. ఆమె ఆదివారాలన్నీ అప్పుడే చేజారినట్టయింది.

ఎలాగో ఆట సాగి ముగింపుకొచ్చేసరికి ఇంకా గోల్ పడలేదు. చివరి త్రో మహేశ్‌కే వచ్చింది. అవమానంతో అతని మొహం కందిపోయింది. పెళ్ళాం వైపు చూసి, రెండు కాళ్ళనూ నేలలో పాతేసినట్టు గట్టిగా ఆనించి, నడుము వెనక్కి వంచి, ఆ కసి అంతా చేతుల్లోకి తెచ్చుకుని విసిరాడు. బంతి అందరి తలల మీదుగా పోయి, గోల్‌కీపర్ ముషర్రఫ్ ఎత్తిన చేతుల్ని దాటి వలలో పడింది.

కోచింగ్ సెంటర్ జట్టు గంతులేసింది. రాగసుధ మాత్రం గోల్‌కిక్ అని, అంటే బంతి పంజాగుట్ట వాళ్ళదేనని చెయ్యి చూపించింది. త్రో నేరుగా వెళ్ళి వలలో పడితే గోల్ కాదు. మధ్యలో ఎవరో ఒకరికి తగిలితేనే గోల్. పంజాగుట్ట వాళ్ళు ఊపిరి పీల్చుకుని, ఇక బతికిపోయామన్న ధీమాతో తమ గోల్‌కీపర్‌ను ఆటపట్టించడం మొదలుపెట్టారు. నెత్తి మీంచి బంతి పోతుంటే నిద్రపోతున్నావా, కనీసం వేలైనా తగిలించలేకపోయావే అన్నారు. ముషర్రఫ్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఎవడన్నడు తాకలేదని? గీ రెండు వేళ్ళకు తాకింది మేడం, అల్లా కసమ్. జర్ర ఉంటే ఆపేసెటోన్ని" అని చేతి తొడుగు ఊడదీసి వేళ్ళు చూపించాడు.

అతని జట్టు గుండెలు ఆగాయి. తాకితే గోల్, గోల్ అయితే వాళ్ళు ఇంటికే. నలుగురు అతని నోరు మూయబోయారు. కృష్ణమోహన్ మాత్రం పరుగున వచ్చి ముషర్రఫ్‌ను కావలించుకుని, ఇంత నిజాయితీపరుణ్ణి తను ఎక్కడా చూడలేదన్నాడు. అంతలో మహేశ్ మధ్యలోకి దూసుకొచ్చాడు.

"జూట్ మాట. ఎవ్వనికి తాకలే. నేను ఇసిరింది డైరెక్ట్ పోయింది."

కృష్ణమోహన్ నోరు వెళ్ళబెట్టాడు. అలా అంటే మనం సెమీఫైనల్‌కు పోమని చెవిలో చెప్పాడు. మహేశ్ వినలేదు. తన త్రోలో ఇంకొకడి వేళ్ళకు వాటా ఇచ్చే ప్రసక్తే లేదన్నాడు. తాకిందని ముషర్రఫ్, తాకలేదని మహేశ్, ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ఒకడు తన జట్టును ఓడించడానికీ, ఇంకొకడు తన జట్టును గెలవనివ్వకుండా ఉండడానికీ కొట్టుకుంటున్నారు. ఫోన్లలో చూద్దామంటే, ఆ క్షణంలో అందరి ఫోన్లలోనూ గేటు దగ్గర ఇంకా తిడుతున్న మంగవ్వే ఉంది. చివరికి అందరూ రాగసుధ వైపు తిరిగారు.

ఆమెకు తెలియదు. మహేశ్ విసిరినంతసేపూ ఆమె చూపు అతని కుడికాలి మీదే ఉంది. తల ఎత్తేసరికి బంతి వలలో ఉంది. ఏదో ఒకటి చూశానని చెప్పేస్తే అడిగేవాడు లేడు. ఒక్క క్షణం ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అలా వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"నేను చూడలే. చూడనిది ఇయ్య. గోల్‌కిక్" అని, ఆ కిక్ కాగానే ఆఖరి ఈల ఊదేసింది.

ఫిర్యాదు రానే వచ్చింది. రాఘవేందర్ ముందు ఇంటిదారి పట్టిన జట్టు కెప్టెన్ కృష్ణమోహన్, సెమీఫైనల్‌కు వెళ్ళిన జట్టు గోల్‌కీపర్ ముషర్రఫ్ భుజాలు కలిపి నిలబడి, గోల్ ఇవ్వాల్సిందేనన్నారు. వాళ్ళకు ఎదురుగా పంజాగుట్ట కుర్రాళ్ళూ మహేశూ ఒక్కటై, రిఫరీ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనదన్నారు. రాఘవేందర్ తల పట్టుకున్నాడు. ఇది ఏ జట్టు ఫిర్యాదో ముందు తేల్చుకుని రమ్మని అందరినీ పంపేసి, వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మని రాగసుధకు చెప్పాడు. ఈసారి అడ్జస్ట్ అన్న మాట అతని నోట రాలేదు.

తిరుగుదారిలో బండి మీద మహేశ్ ఉత్సాహంగా ఉన్నాడు. "చూడలేదని అందరి కోసం అన్నవ్ గని, డైరెక్ట్ పోయింది నువ్వు చూసినవ్ గదా?" అన్నాడు.

"నిజంగనే చూడలే. నీ కాలు చూస్తున్న" అంది రాగసుధ.

అతను బండి పక్కకు తీసి ఆపాడు. "జిందగీల ఒక్కసారి అసొంటి త్రో ఏసిన. గది నువ్వు చూడలేదా?"

అన్ని ఫౌళ్ళనూ మహేశ్ ఆ సాయంత్రానికల్లా మరిచిపోయాడు గానీ, చెల్లిన ఆ ఒక్క త్రో గురించి మాత్రం భార్యతో ఇప్పటికీ సరిగా మాట్లాడడు.