ఇద్దరికే ఒక ఆదివారం

ఆ ఆదివారం రుజ్జేరో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున సరస్సులో పడవ షికారు, ఆపైన పాత వీధుల్లో నడక, సరిగ్గా ఒంటిగంటకు గుమ్మడికాయ కూరిన తొర్తెల్లి పాస్తాతో భోజనం. ఇద్దరే. పెళ్లయిన పదకొండేళ్లలో భార్య ఓర్నెల్లాతో ఒక్క ఆదివారమైనా ఏకాంతంగా భోంచేసిన పాపాన పోలేదు. ఆదివారం ఒంటిగంట అంటే మోదెనాలో అమ్మ ఎల్వీరా ఇంట్లో బల్ల ముందు హాజరు వేయించుకోవాల్సిందే.

"ఈసారి కూడా మీ అమ్మ దగ్గరికే అంటే, ఇకముందు నువ్వొక్కడివే వెళ్లు. ఎప్పటికీ!" అని ఓర్నెల్లా తేల్చేసింది. అందుకని మెడకు చల్లగాలి కొట్టిందని, తల తిప్పలేకపోతున్నానని అమ్మకు శుక్రవారమే అబద్ధం చెప్పి, మర్నాడు భార్యతో సరస్సుల ఊరు మాంతొవాకు రైలెక్కాడు. వాళ్ల దేశంలో మెడకు గాలి తగిలిందంటే ఎవరూ ఎదురుప్రశ్న వేయరు.

ఆదివారం పొద్దున సరస్సంతా పొగమంచు. పడవ నీళ్ల మీద పోతోందో, మబ్బులో పోతోందో తెలియడం లేదు. గోపురాలు కనిపించినట్టే కనిపించి మాయమవుతున్నాయి. ఓర్నెల్లా అతని భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. పెళ్లికి ముందు ఇలాగే వాల్చేది. రుజ్జేరో ప్రాణం హాయిగా తేలిపోతోంది.

ఫోన్ మోగింది. అమ్మ.

"మెడ తిరుగుతోందా నాయనా?"

"లేదమ్మా, కదిపితే ప్రాణం పోతోంది" అన్నాడు రుజ్జేరో, ఎగిరిపోతున్న కొంగను తల తిప్పి చూస్తూ.

అంతలో చర్చి గంటలు మోగాయి.

"ఆ గంటలేంట్రా?"

"టీవీలోనమ్మా. నీ దగ్గరా వినిపిస్తున్నాయే?"

"నాదీ టీవీయే" అని ఎల్వీరా ఠక్కున ఫోన్ పెట్టేసింది.

అమ్మ అంత త్వరగా ఫోన్ పెట్టెయ్యడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అనుమానం వచ్చి తమ్ముడు ఫౌస్తోకు ఫోన్ చేశాడు.

"అమ్మకు జ్వరమట కదన్నయ్యా! ఈ ఆదివారం ఎవర్నీ రావద్దంది. నీకు చెప్పలేదా?"

రుజ్జేరోకు కళ్లు చెమర్చాయి. జ్వరంతో పడుండి కూడా తన మెడ గురించే అడిగింది ఆ తల్లి! వెంటనే వెళ్లి చూడమని తమ్ముణ్ణి పరుగెత్తించాడు. పడవ ఒడ్డుకు చేరేసరికి మళ్లీ ఫౌస్తో.

"ఎంత బాదినా తలుపు తీయట్లేదన్నయ్యా. ఫోనూ ఎత్తట్లేదు. పక్కింటావిడ నిన్నట్నుంచి అలికిడే లేదంటోంది."

"అయితే పగలగొట్టరా!"

ఫౌస్తో నూటపది కిలోల మనిషి. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఫోన్ పెట్టేశాడు.

"నేను వెళ్లాలి ఓర్నెల్లా" అన్నాడు రుజ్జేరో, నేల చూపులు చూస్తూ.

ఓర్నెల్లా ఒక నిమిషం మంచులోకి చూసింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. "పద, నేనూ వస్తా. నీకు అమ్మైతే నాకు అత్త కదా."

స్టేషన్ దారిలోనే వాళ్లు బల్ల చెప్పి ఉంచిన హోటల్. రావడం లేదని చెప్పడానికి లోపలికి అడుగుపెట్టారు. కిటికీ పక్క బల్ల దగ్గర, ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకుని, తన ఇంటి కింది వాటాలో ఉండే రిటైరైన గడియారాల మెకానిక్ ఒట్టావియో గారి నోటికి తొర్తెల్లి అందిస్తూ కూర్చుంది ఎల్వీరా.

"అమ్మా!"

"మెడ బాగానే తిరుగుతోందే" అంది ఎల్వీరా, ఫోర్కు దించకుండా.

"నీకు జ్వరమన్నావట!"

"ముప్ఫయ్యేళ్లుగా ప్రతి ఆదివారం ఆరింటికే పొయ్యి ముందు నిలబడుతున్నాన్రా. మానేద్దామంటే మీరు బాధపడతారని! ఒక్క పూట, మందికి వడ్డించకుండా తిందామనుకున్నా. తప్పా?"

"నువ్వు బాధపడతావనే మేమూ వస్తున్నామమ్మా!"

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. "ఇక నేను వండనంటే వండను" అని ఎల్వీరా ప్రకటించింది. ఓర్నెల్లా కళ్ల ముందు రాబోయే ఆదివారాలన్నీ ఆ సరస్సులాగే పరుచుకున్నాయి, నిశ్శబ్దంగా, ఇద్దరికే.

ఫోన్ మోగింది. "తలుపు మొత్తం ఊడొచ్చిందన్నయ్యా. అమ్మ మాత్రం లేదు!"

ఎల్వీరా ఆ కబురు తాపీగా విని, రుమాలుతో పెదవులు అద్దుకుంది.

"వండనన్నాను గానీ, తిననన్నానా? పైగా తలుపు పగలగొట్టించింది మీరే. వచ్చే ఆదివారం నుంచి భోజనం మీ ఇంట్లోనే అమ్మాయ్. ఒంటిగంటకల్లా మేమిద్దరం వచ్చేస్తాం."

ఒట్టావియో గారికి ఉప్పు తగ్గించి వేయమని కూడా చెప్పింది.