పన్నెండు రోజుల మతిమరుపు

ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరుగారి బావమరిది స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని క్లినిక్‌కు వచ్చాడు. అనుకున్న పని చిన్నదే. ముందు గదిలో బల్ల కింద ఉన్న కంప్యూటర్ లేవడానికి ఎనిమిది నిమిషాలు తీసుకుంటోంది. దాని పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కులోకి కాపీ చేస్తే, రేపటి నుంచి అది కొత్తదానితోనే లేస్తుంది, చెంగుమని లేస్తుంది. భోజనాల వేళకు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఈ బావమరిదికి రాని విద్య లేదు. ఆ మాట అతనే చెబుతాడు, ఇంకెవరికీ ఆ అవకాశం ఇవ్వడు.

"నా పేషెంట్లందరూ ఇందులోనే ఉన్నారయ్యా, జాగ్రత్త," అన్నారు డాక్టరుగారు.

"నేనుండగా మీకెందుకు బావా దిగులు?"

విచిత్రమేమిటంటే అతను అన్నంత పనీ చేశాడు. రెండున్నర గంటల్లో కాపీ నూటికి నూరు శాతం పూర్తయింది. ఒక్క ఫైలూ పోలేదు. అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ కొత్త డిస్కును బిగించడానికి సరిపడే స్క్రూలు అతను తేలేదు. అందుకని గాయం మీద దూది నిలవడానికి అంటించే తెల్ల టేపు ఓ జానెడు చించి, దాంతో డిస్కును పెట్టె లోపలి గోడకు అతికించాడు. మరి ఈ పాతదాన్ని తీసెయ్యవా అని డాక్టరుగారు అడిగితే, "ఉండనివ్వండి బావా, ఎందుకైనా మంచిది," అని మూత బిగించేశాడు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది అక్కయ్య. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల ఆవిడదే. డాక్టరుగారి దగ్గర నుంచి పాలపళ్ళ పిల్లల దాకా అందరూ అక్కయ్య అనే పిలుస్తారు. ఫోనులో గొంతు వినగానే, "ఎడమవైపు కింది దవడేగా? మళ్ళీ చల్లటిది తాగారా?" అని అడిగే మనిషి. పేషెంట్లకు వేళలు ఇచ్చేదీ, డాక్టరుగారు చెబుతుంటే వైద్యం వివరాలు ఎక్కించేదీ ఆవిడే. ఆ జ్ఞాపకశక్తే ఆవిడ గర్వం, ఆవిడ ఉద్యోగం కూడా.

సోమవారం అక్కయ్య మీట నొక్కి, అలవాటుగా బల్ల మీది ఇసుక గడియారం తిరగేసింది. పిల్లలకు రెండు నిమిషాలు పళ్ళు తోమడం నేర్పడానికి పెట్టిన బొమ్మ అది. ఎప్పుడూ నాలుగు సార్లు తిరగేస్తేగాని తెర వెలిగేది కాదు. ఆ రోజు ఇసుక పావు వంతు జారకముందే పేషెంట్ల జాబితా వచ్చి కూర్చుంది. అక్కయ్య ముచ్చటపడి, ఫోను చేసిన రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి శుక్రవారం పదింటికి చోటు ఇచ్చింది.

మంగళవారం పొద్దున్నే గదులు తుడిచే ఆవిడ వచ్చింది. మంగళ, గురు, శనివారాల్లో బల్ల కింద కూడా తుడవడం ఆవిడ పద్ధతి. తుడిచే కర్రతో ఒక్క తోపు తోస్తే కంప్యూటర్ పెట్టె వెళ్ళి గోడకు ఆనుకుని కాస్త ఒరిగింది. లోపల టేపు సడలింది, కొత్త డిస్కు పక్కకు వాలింది, వైరు పట్టు తప్పింది. కొత్తది కనిపించకపోయేసరికి కంప్యూటర్ ఏమాత్రం నొచ్చుకోకుండా, ఎవరితోనూ చెప్పకుండా, పాత డిస్కుతో లేచింది. తెర మీద అదే బొమ్మ, అదే జాబితా. సోమవారం ఎక్కించినవి మాత్రం ఒక్కటీ లేవు.

శుక్రవారం పదిగంటలు ఖాళీగా ఉండడం చూసి అక్కయ్యకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. హెడ్మాస్టరుగారికి ఇచ్చానే అనుకుంది. కానీ తెర మీద ఉన్నదే నిజం, మనిషి మాట నమ్మొద్దని బావమరిది ఎప్పుడో పాఠం చెప్పి ఉన్నాడు. సరేలెమ్మని ఆ పదిగంటలు ఓ బస్సు డ్రైవరుకు ఇచ్చేసింది. సాయంత్రం వెళ్ళబోతూ, ఒరిగి ఉన్న పెట్టెను కాలితో ముందుకు లాగి తిన్నగా పెట్టింది. పళ్ళ క్లినిక్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి వంకరగా ఉన్నది దేన్నీ చూస్తూ ఊరుకోలేదు. దాంతో బుధవారం కొత్త డిస్కు మళ్ళీ మేలుకుంది. హెడ్మాస్టరుగారు తిరిగొచ్చారు, బస్సు డ్రైవరు మాయమైపోయాడు. గది తుడిచినప్పుడల్లా ఇదే వరస.

శుక్రవారం పదింటికి ఇద్దరూ వచ్చారు.

"తెర మీద నీ పేరు లేదు కదయ్యా," అన్నారు డాక్టరుగారు డ్రైవరుతో.

"తెర మీద లేకపోతే పోయింది, నొప్పి నోట్లో ఉందండీ! బస్సు బయట ఆపి వచ్చాను. జనం అందులోనే కూర్చున్నారు."

జనం ఎంతసేపని కూర్చుంటారు? ఒక్కొక్కరే దిగి వచ్చి క్లినిక్ నిండా నిలబడ్డారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పోకుండా తలా ఒక పన్ను చూపించి సలహా అడిగారు. ఆ గొడవలో పదకొండు గంటల జంట కూడా వచ్చిపడింది. జంట అంటే మొగుడూపెళ్ళాలు కారు. ఒకే వేళకు రమ్మన్న ఇద్దరు.

రెండో వారం ఇంకా అన్యాయం. మంగళవారం హెడ్మాస్టరుగారు కుర్చీలో కూర్చోగానే డాక్టరుగారు తెర చూసి, మొదటి నుంచి తవ్వడానికి సిద్ధమయ్యారు.

"శుక్రవారమే తవ్వారు కదండీ! ఇది నోరా, నుయ్యా?" అని హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు.

డాక్టరుగారు అక్కయ్యవైపు తిరిగారు. "ఆ రోజు నేను చెప్పింది ఎక్కించలేదా అక్కయ్యగారూ?"

"ఎక్కించానండీ."

"మరి ఏదీ?"

అక్కయ్య జాబితా పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికింది. బుధవారం బావమరిదిని పిలిపించారు. బుధవారం కాబట్టి కంప్యూటర్ గుర్రంలా లేచింది. అతను నాలుగు మీటలు నొక్కి, "సలక్షణంగా ఉంది బావా. యంత్రం మరిచిపోదు. మనిషి మరిచిపోతాడు. వయసు కదా, పాపం," అన్నాడు. ఆ 'పాపం' అక్కయ్యకు సూదిలా గుచ్చుకుంది.

ఇంటి దగ్గర ఆవిడ భర్త ఇంకా మంచివాడు. పొద్దున్నే పది నానబెట్టిన బాదంపప్పులు చేతిలో పెట్టాడు. పొయ్యి మీద గోడకు 'ఆర్పావా?' అనీ, తలుపుకు 'తాళం వేశావా?' అనీ కాగితాలు అంటించాడు. అక్కయ్య వాటిని చదివి వంటగదిలో నిలబడి ఏడ్చింది. పొయ్యి ఆర్పడం ఆవిడ జన్మలో మరిచిపోలేదు. మరిచిపోయేది ఆయనే.

గురువారం సాయంత్రం డాక్టరుగారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "శనివారం దాకా ఉండి, ఆపైన ఇంట్లో విశ్రాంతి తీసుకోండి అక్కయ్యగారూ. ఈ బల్ల మా బావమరిది చూసుకుంటాడు," అన్నారు. పన్ను పీకడానికి మత్తు ఇచ్చే మనిషి, ఈ మాట మత్తు లేకుండానే అన్నారు.

శుక్రవారం అక్కయ్య మనసు మనసులో లేదు. మీట నొక్కి ఇసుక గడియారం తిరగేసింది. పావు వంతు కూడా జారలేదు. నిన్న నాలుగు తిరగేతలు, ఇవాళ పావు. మొన్న పావు, అటు మొన్న నాలుగు. వేళ్ళు మడిచి వెనక్కి వెనక్కి వెళ్ళింది. పదకొండు రోజుల లెక్కా ఒక్కటి తప్పకుండా గుర్తుంది. మతిమరుపు మనిషికి ఇవన్నీ ఎలా గుర్తుంటాయి? ఆ ప్రశ్న దగ్గర అక్కయ్య నిటారుగా కూర్చుంది.

పావు రోజుల్లో ఎక్కించిన పేషెంట్లు నాలుగు తిరగేతల రోజుల్లో ఉండరు. నాలుగు తిరగేతల రోజుల వాళ్ళు పావు రోజుల్లో ఉండరు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నాలుగు తిరగేతల రోజుల్లో బల్ల కింద కాళ్ళు హాయిగా చాపుకోవచ్చు. ఎందుకని? అక్కయ్య వంగి బల్ల కిందకు చూసింది. పెట్టె గోడకు ఒరుసుకున్న చోట సున్నం గీసుకుపోయి ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి బాదంపప్పుల గిన్నె భర్త ముందుకే తోసింది.

శనివారం బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల స్వాధీనం చేసుకోవడానికి వచ్చాడు. ముందు గదిలో దవడలు పట్టుకుని ఇరవై మంది కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు, బస్సు డ్రైవరు పక్కపక్కనే ఉన్నారు. అక్కయ్య కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరుగారూ, ఈ బల్ల అప్పగించే ముందు ఒక్క మాట. కంప్యూటర్ ఇంకా వెయ్యలేదు. ఇవాళ్టి జాబితాలో ఎవరుంటారో, ఎవరుండరో ముందే చెబుతాను. ఇవాళ గది తుడిచారు కాబట్టి గడియారం నాలుగు సార్లు తిరగాలి. డ్రైవరుగారు ఉంటారు. హెడ్మాస్టరుగారు ఉండరు."

"నేను ఇక్కడే ఉన్నానుగా!" అన్నారు హెడ్మాస్టరుగారు కంగారుగా.

"మీరు ఉంటారండీ. తెర మీద ఉండరు."

మీట నొక్కింది. గదిలో అందరూ గొంతు కలిపి తిరగేతలు లెక్కపెట్టారు. సరిగ్గా నాలుగు. డ్రైవరు ఉన్నాడు, హెడ్మాస్టరుగారు లేరు. అక్కయ్య కంప్యూటర్ ఆపి, పెట్టెను కాలితో ముందుకు లాగి తిన్నగా పెట్టి, మళ్ళీ మీట నొక్కింది. పావు వంతు ఇసుక! హెడ్మాస్టరుగారు ప్రత్యక్షం, డ్రైవరు గల్లంతు. వాచిన దవడలు వాచినట్టే ఉండగా ఇరవై మందీ చప్పట్లు కొట్టారు. గదులు తుడిచే ఆవిడ అయితే ఈల కూడా వేసింది.

"మరిచిపోయేది నేను కాదు. ఈ పెట్టెలో ఇద్దరున్నారు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. మూత తియ్యండి," అంది అక్కయ్య.

బావమరిది మూత తీశాడు. తెల్ల టేపు కొసన కొత్త డిస్కు ఊడబోయే పాలపన్నులా వేలాడుతోంది. వెనకాల పాత డిస్కు ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"నా క్లినిక్‌ను రెండు పడవల మీద నిలబెట్టావు కదయ్యా!" అన్నారు డాక్టరుగారు. తరువాత అందరి ముందూ అక్కయ్యకు చేతులు జోడించారు. "క్షమించండి అక్కయ్యగారూ. యంత్రాన్ని నమ్మి మిమ్మల్ని అనుమానించాను."

అక్కయ్య కళ్ళు చెమర్చాయి. పాతదానిలో ఉండిపోయిన పేషెంట్లందరినీ రోజు, వేళ, పన్నుతో సహా ఆవిడ గడగడా చెబుతుంటే బావమరిది కొత్తదానిలోకి ఎక్కించాడు. తరువాత పాత డిస్కుతో పోల్చి చూస్తే నలభై మూడింటికి నలభై మూడూ సరిపోయాయి. డాక్టరుగారు స్క్రూలు తెప్పించి కొత్తదాన్ని తన చేత్తోనే బిగించి, పాతదాన్ని పీకి పక్కన పెట్టారు. అక్కయ్య కుర్చీ ముందుకు లాక్కుని, "తరువాత ఎవరండీ?" అంది, ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అననంత గట్టిగా.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నిజానికి బావా, కాపీ మాత్రం నూటికి నూరు శాతం..."

"ముందు నువ్వు నోరు ముయ్యి," అన్నారు డాక్టరుగారు.

ముప్పై ఏళ్ళ వైద్యంలో ఆయన ఒక మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి.