బోర్డుకెక్కిన దేవేంద్రప్ప ముఖం

ఆ రోజు ఉదయం దేవేంద్రప్ప అనుకున్నవి మూడే పనులు. ఏడింటికి పూజ, ఎనిమిదింటికి బోర్డు వెలిగించడం, తొమ్మిదింటికి మొదటి దోసె. పదహారేళ్లు తోలిన లారీని అమ్మేసి, ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కన పెట్టిన హోటలు అది. మొదటి రోజు ఎవరూ ఆగని హోటలు దగ్గర రెండో రోజూ ఎవరూ ఆగరని ఆయనకు తెలుసు. అలాంటి హోటళ్లను ఆయనే ఎన్నో దాటి పోయాడు.

బోర్డు పని బావమరిది వీరభద్రది. అతను నందికొట్కూరులో కంప్యూటరు సెంటరు నడుపుతాడు. అన్నీ తెల్ల బల్బులే ఉన్న పెద్ద ఎల్‌ఈడీ బోర్డు మీద బావ ముఖం వెలిగిస్తానని మాటిచ్చాడు. వెలిగించాడు. బోర్డంతా చీకటి, అందులో మూడు విభూతి గీతలు, వాటి కింద ఒక పలువరస.

"నా మొగం యాడప్పా?" అన్నాడు దేవేంద్రప్ప.

"అదే బావా. ఫొటోలో తెలుపు కాన్నుంచి నలుపు దాకా రెండొందల యాభై ఆరు ఛాయలుంటాయి. ఈ బల్బుకు తెలిసింది రెండే. వెలిగేది, ఆరేది. సగానికన్నా తెల్లగుండేది వెలిగింది. మిగిలింది..."

"మిగిలింది నేను."

దేవేంద్రప్ప భార్య శివజ్యోతి కొబ్బరికాయ చేతిలో పట్టుకుని తలెత్తి చూసింది. "బాగానే ఉండాది లేయ్యా. ఇంట్లో కరెంటు పోతే నువ్వు ఇట్లే కనపడతావు."

దేవేంద్రప్ప నవ్వలేదు. ప్రతి మనిషీ తనలో లెక్కలేనన్ని ఛాయలున్నాయని నమ్ముకుని బతుకుతాడు: కాస్త దయ, కొంత కోపం, ఎవరికీ చెప్పని ఒక బెరుకు. ఊరు మాత్రం మంచోడు, చెడ్డోడు అనే రెండింటితో పని జరుపుకుంటుంది. ఊరి సంగతి సరే. సొంతంగా కొనుక్కున్న బోర్డు కూడా అదే పని చేయడం ఆయన్ని నొప్పించింది.

"నడుమ ఉండేదంతా రావాల," అని పట్టుబట్టాడు.

వీరభద్ర అరగంట కుస్తీ పట్టి ఒక కిటుకు కనిపెట్టాడు. ఒక చుక్క దగ్గర మిగిలిపోయిన తేడాను పక్క చుక్కల మీదికి తోసేయడం, అవి వాటి పక్కవాటి మీదికి తోసేయడం. ఆఫీసుల్లో ఫైళ్లు నడిచే పద్ధతే. వెలిగినవీ ఆరినవీ కలిసిపోయి దూరం నుంచి చూసేవాడికి బూడిద రంగులా అనిపిస్తాయి. బావా బావమరుదులు రోడ్డు దాటి, పొలంలోకి చాలా దూరం నడిచి, వెనక్కి తిరిగి చూశారు. బుగ్గలు, ముక్కు, మీసం, కళ్ల కింద నీడ అన్నీ ఉన్నాయి. దేవేంద్రప్పకు తన బెరుకు కూడా కనిపించింది.

"ఇదీ నేనంటే," అన్నాడు.

హోటలుకు వచ్చేవాళ్లు పొలంలోంచి రారన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కందికోతకు పోయే కూలీల ఆటో సరిగ్గా బోర్డు కిందే ఆగింది. వాళ్లలో పెద్దది హులిగెమ్మ తలెత్తి చూసింది. అంత దగ్గర నుంచి ముఖం లేదు. ముఖం ఆకారంలో మెరిసే చుక్కలే ఉన్నాయి. ఆమె చెప్పులు విడిచి చేతులు జోడించింది.

"దేవేంద్రప్పకు అమ్మవారు పోసిండాది. మొగమంతా ముత్యాలే సూడండి."

అమ్మవారు పోసినచోట ఏం చేయాలో కూలీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పది నిమిషాల్లో హోటలు గుమ్మానికి వేపమండలు వేలాడాయి. అవి చూసి, టిఫినుకు ఆగిన రెండు కార్లు మళ్లీ స్టార్టయ్యాయి. రిబ్బను కత్తిరించాల్సిన మాజీ సర్పంచి రంగన్న ఫోను చేశాడు. "ఇంట్లో సంటి పిల్లోళ్లుండారప్పా. నీకు నయమైనాంక వస్తా. గోక్కోవద్దు."

దేవేంద్రప్ప బయటికి పరుగెత్తాడు. "సూడవ్వా నా మొగం. ఒక్క పొక్కన్నా ఉండాదా?"

హులిగెమ్మ దగ్గరికి రాకుండానే పరీక్షగా చూసింది. "ఇంకా బయటికి రాలేదు నాయనా. లోపలుండాది. బోర్డుకు ముందే కనపడిండాది."

"బోర్డుకెట్ల కనపడతాదవ్వా?"

"ఏర్‌పోర్టులో పెట్టె తెరవకుండానే లోపలుండేది సూపిస్తారంట గదా. ఇదీ అట్లాంటి మిషనే."

వీరభద్ర ముందుకొచ్చి రెండొందల యాభై ఆరు ఛాయల గురించి వివరించాడు. "రెండొందల యాభై ఆరు పొక్కులంట," అని ఒకామె వెనకవాళ్లకు అందించింది. అంతలో కొత్త చొక్కా గంజి మెడకు ఒరుసుకుని, దేవేంద్రప్ప గోక్కున్నాడు. గుంపు నాలుగడుగులు వెనక్కి జరిగింది.

నర్సు సుజన స్కూటీ మీద వచ్చి, చెయ్యి పట్టి చూసి, జ్వరం లేదని ప్రకటించింది. మాస్కు మాత్రం తీయలేదు. ఇంతమంది ఇంత గట్టిగా నమ్మేసరికి దేవేంద్రప్పకే వీపు మీద ఏదో మొలుస్తున్నట్టు అనిపించింది. లోపలికెళ్లి చొక్కా విప్పి భార్యకు చూపించాడు.

"చెమటకాయలు కూడా లేవు," అంది శివజ్యోతి. "ఆ బోర్డు మార్పించు పో."

కంగారులో వీరభద్ర మొదటి బొమ్మనే మళ్లీ ఎక్కించాడు. చుక్కలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. చీకట్లో విభూతి, పలువరస మిగిలాయి.

"దిగిపోయింది తల్లి," అంది హులిగెమ్మ. "నవ్వుతాండాడు సూడండి. ఇంగ పెరుగన్నం పెట్టాల."

"ఎవరికి?" అన్నాడు దేవేంద్రప్ప.

"అందరికీ. తల్లిని సల్లగ సాగనంపాల గదా."

రాని జబ్బు ఎలా తగ్గుతుందని అడగబోయి ఆయన ఆగాడు. లోపల కొత్త కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బయట, ఊళ్లోంచి వచ్చి చేరినవాళ్లతో కలిపి, నలభై మంది వాటి వైపే చూస్తున్నారు. నిజానికీ కుర్చీలకూ మధ్య ఆయన మనసు ఎక్కువసేపు ఊగలేదు.

"రాండి, కూచోండి," అన్నాడు.

దోసెల మాస్టరు సణుగుతూ అన్నం వండి, ఆవాలతో తాలింపు పెట్టాడు. శివజ్యోతి ఇంటింటికీ మనిషిని పంపి పెరుగు తెప్పించింది. హోటలు నిండింది. నిండిన హోటలును చూసి ఒక లారీ ఆగింది, లారీని చూసి ఇంకో మూడు ఆగాయి, వాటిని చూసి బస్సు ఆగింది. అందరూ తింటున్నదే వాళ్లూ అడిగారు. అమ్మవారి సంగతి తెలియదు కాబట్టి డబ్బులు కూడా ఇచ్చారు. మధ్యాహ్నం మూడింటికి గంగాళం అడుగంటింది. దోసెపిండి మీద మూత తీయనేలేదు.

వీరభద్ర తలొంచుకుని వచ్చాడు. "బావా, పదహారు ఛాయలు సూపించే బోర్డు దొరుకుతాదంట. తెప్పిచ్చేదా? నీ మొగం అచ్చు నీ మాదిరే వస్తాది."

దేవేంద్రప్ప ఆగివున్న బండ్ల వైపు చూశాడు. "ఈ బోర్డే చాలప్పా. నా మొగం తీసేసి పెరుగన్నం పెట్టు. అన్నం వెలగనీ, ఆవాలు ఆరనీ."

మర్నాడు ఆయన కొత్త బొమ్మను ముందు బోర్డు కింద నిలబడి, తర్వాత పొలంలోకి నడిచి చూశాడు. ఎక్కడి నుంచి చూసినా పెరుగన్నంలాగే ఉంది. ఆ సుఖం మనుషులకు లేదు.